మెరుపు దాచిన జాడీలు

ఒకప్పుడు అక్కడ చంద్రకాంత శిలల మెట్లుండేవి. పగడాలు పొదిగిన గడపలు దాటి లోపలికి వెళ్తే పన్నీటి తుంపరలు చిమ్మే చిమ్మనగ్రోవులు, చిలకలకు వెండి ఊయలలు, రాణివాసం వాళ్లు ముఖం చూసుకునే నిలువెత్తు అద్దాలు. తామ్రపురిని ఏలిన కమలకేతు మహారాజు వేసవి విడిది అది. మాంత్రికుడు వక్రనాసుడు రాజ్యం కాజేసి ఏడాది తిరిగేసరికి ఇటుకపొడి, విరిగిన మంచంకోళ్లు, మొండిగోడల మీద వేలాడే పాము కుబుసాలు మిగిలాయి. జనం ఇప్పుడు దాన్ని పాడుదిబ్బ అంటున్నారు. అటు అడుగుపెట్టినవాడి కాళ్లు విరగ్గొట్టమని మాంత్రికుడి ఆజ్ఞ.

ఆ పాడుదిబ్బ మీద పట్టపగలు ఒక పిల్ల గోనెసంచి భుజాన వేసుకుని గాజు జాడీలు ఏరుతోంది.

పేరు రేచమ్మ. కంచరి రుద్రాచారి కూతురు. రాణివాసపు పన్నీరు జాడీలు మట్టిలోంచి తవ్వి తీసి, ప్రతిదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి చూస్తోంది. ఖంగుమంటే సంచిలోకి, మొద్దుగా పలికితే పక్కకి. కంచరివాళ్ల పిల్లలకు నడక కంటే ముందు వచ్చే విద్య అది. కంటికి కనపడని బీట చెవికి దొరుకుతుంది. పొద్దుటినుంచి నలభై జాడీలు కొడితే పన్నెండు ఖంగుమన్నాయి.

ఎల్లుండి మధ్యాహ్నం సూర్యగ్రహణం. ఆ లోపు ఈ జాడీలు పని చెయ్యకపోతే ఆమె తండ్రి చచ్చిపోతాడు.

సంగతేమిటంటే, కోటగుమ్మంలో వక్రనాసుడు ఒక ఇనుప ఏనుగును నిలబెట్టాడు. ఒక భూతాన్ని గాజుబుడ్డిలో పెట్టి దాని తలలో బిగించాడు. ఆ ఏనుగు మీద కత్తులు వంగిపోయాయి, బాణాలు చిట్లిపోయాయి, మహారాజూ ఆయన సైన్యంలో సగమూ దాని కాళ్ల కింద పోయారు. అది చాలక, దానికి జోడీగా కంచు ఏనుగును పోతపొయ్యమని రుద్రాచారిని పట్టుకుపోయాడు. పొయ్యకపోతే నీ కూతురి పీక కోయిస్తానన్నాడు. రుద్రాచారి ఆరు నెలలు కష్టపడి పోశాడు. అంతా అయ్యాక తెలిసింది, దానికి ప్రాణం రావాలంటే ఒక మనిషి ప్రాణం పొయ్యాలని. గ్రహణం పూర్తిగా పట్టే వేళ మనిషిని మరిగే కంచులోకి తోసి, ఆ కంచును ఏనుగు నోట్లోకి వదలాలి. మనిషి కోసం ఎక్కడికో పోవడమెందుకు, పోతపోసినవాడే ఉన్నాడుగా అన్నాడు వక్రనాసుడు.

రేచమ్మ ఊళ్లో తిరగని ఇల్లు లేదు. తండ్రి చేసిన బిందెలతో నీళ్లు తోడుకునేవాళ్లే ఆమె ముఖాన తలుపేశారు. ఒకామె తలుపు సందులోంచి, మీ నాన్న ఆ రెండో ఏనుగును పొయ్యకుండా ఉంటే మాకీ గతి పట్టేదా అని అడిగింది. అందులో కాస్త న్యాయం ఉంది. అందుకే ఆ మాట ఎక్కువ కాలింది.

తలుపు వెయ్యనిది ఒక్కతే, ఎందుకంటే ఆమె ఇంటికి తలుపు లేదు. పాడుదిబ్బ కింద నేలమాళిగలో ఉంటుంది ధూమకేశి. జుట్టు పొగలా పైకి లేచి ఉంటుంది, ఎంత నూనె రాసినా దిగదు. కుడిచేతికి మూడు వేళ్లే. ఒకప్పుడు వక్రనాసుడికి మెరుపును జాడీలో పట్టడం చేసి చూపించింది ఆమే. అతను ఆ జాడీతో ఒక ఖడ్గమృగాన్ని పడగొట్టి, ఒకే ఒక్క దెబ్బకు ఖాళీ అయ్యే విద్య నాకెందుకని నవ్వి, ఇంకెవరికీ చేసిపెట్టకుండా ఆమె వేళ్లు రెండు తెగ్గొట్టి గెంటేశాడు.

రేచమ్మ సంచి దించగానే ముసలిది ఒక్కొక్క జాడీనీ వాసన చూసి, పన్నీరు కంపు కడుక్కురమ్మంది. కడుక్కొచ్చాక, ఆరబెట్టకుండా ఎందుకు తెచ్చావని తిట్టింది. తిడుతూనే పని చెప్పింది. గాజుకు బయట తగరపు రేకు అతకాలి. జాడీ మూతి సన్నం, లోపలికి చెయ్యి పట్టదు కాబట్టి లోపల రేకు బదులు చిక్కటి ఉప్పునీళ్లు పొయ్యాలి. నీళ్లలోకి ఇత్తడి కడ్డీ దించి, కడ్డీ తలకు నున్నటి బుడిపె బిగించాలి. మూతిని లక్కతో మూసెయ్యాలి.

"లోపలి నీళ్లూ బయటి రేకూ ఒకదాన్నొకటి పీక్కుతినాలని చూస్తుంటాయే," అంది ధూమకేశి. "మధ్యలో గాజు అడ్డం. ఆ పగే మెరుపును పట్టి ఉంచేది. అడ్డం పలచగా ఉంటే పగ ఎక్కువ. మరీ పలచనైతే గాజు బద్దలు. ఆ నాలుగోది పక్కన పెట్టు, అది పనికిరాదు."

నాలుగోది ఖంగుమంది కదా అని రేచమ్మ దాన్ని పక్కన పెట్టలేదు.

ధూమకేశి తనకు ఇందులో ఏం కావాలో ముందే చెప్పింది. వక్రనాసుడు చచ్చేముందు ఆమె పేరు వినాలి. అంతే.

ఇక ఉప్పు కావాలి. ఉప్పు కొఠారుకు మాంత్రికుడి కాపలా. ఆ మధ్యాహ్నమే, ధూమకేశి కబురందుకుని, రెండు బస్తాల ఉప్పుతో ఎద్దుబండి తోలుకుంటూ నేలమాళిగ దగ్గరికి వచ్చాడొక శెట్టి. మాసిన తలపాగా, పెరిగిన గడ్డం, చెవిలో రాగి పోగు. వేషం బాగానే కుదిరింది గాని, బండి దిగాక బస్తాను ఎవరో వచ్చి అందుకుంటారని చెయ్యి చాచి నిలబడ్డాడు. ఆ ఒక్క చూపుతో రేచమ్మ పోల్చేసింది. కమలకేతు మహారాజు కొడుకు, జయంతసేనుడు.

అతనిమీద ఆమెకేమీ ప్రేమ లేదు. మూడేళ్ల కిందట రాజుగారి జయస్తంభానికని భటులు వచ్చి కంచరి వీధిలో ఇత్తడంతా ఊడ్చుకుపోయారు. వాళ్లమ్మ పుట్టింటినుంచి తెచ్చుకున్న బిందె కూడా ఆ స్తంభంలోనే ఉంది. ఆ మాట అతని ముఖానే అంది. అతను తండ్రిని తొక్కి చంపిన ఏనుగును తన చేత్తో చంపాలనుకుని వచ్చానని, కంచరిపిల్ల సాయం అడగాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదని జవాబిచ్చాడు. మీరిద్దరూ తర్వాత చావండి, ముందు ఉప్పు దించండి అంది ధూమకేశి.

ఆ రోజు గడిచేలోపు పని సాగింది. శిథిలాల్లో దొరికిన తగరపు గిన్నెలను కరిగించి రేచమ్మ పలకలు పోసింది. మేకతోలు మడతల మధ్య పెట్టి సుత్తితో కొట్టింది. ఆకంత పలచన, తర్వాత ఉల్లిపొర అంత పలచన. విరిగిన మంచంకోళ్ల బుడిపెలు ఊడదీసి నున్నగా నూరింది. దీపాలు వేలాడేసే గొలుసులు మట్టిలోంచి లాగింది. తుమ్మబంక మరిగించి మొదటి జాడీకి రేకు అతికింది. ముడత లేదు, బుడగ లేదు. అడుగునుంచి అంచు దాకా అద్దంలా మెరిసింది. ఇంతకంటే మంచి పని తన చేతిమీద ఇంతవరకూ జరగలేదనుకుంది.

ధూమకేశి కుమ్మరి సారె మీద తలకాయంత గంధకపు ఉండ బిగించి తిప్పించింది. కంబళి ముక్క దానికి ఒత్తిపట్టి, ఉండ పక్కనుంచి జాడీ బుడిపె దాకా గొలుసు వేసింది. చిటపటమంటూ చిన్న చప్పుడు మొదలైంది. చప్పుడు పెరిగింది. పెరిగి, జాడీ మూతి దగ్గర నీలంగా ఒక దారప్పోగు మెరిసి, ఠప్పుమని ఆరిపోయింది. మళ్లీ తిప్పారు. మళ్లీ ఠప్పుమంది. పదిసార్లు తిప్పినా జాడీలో ఏమీ నిలవలేదు.

ముసలిది జాడీని ఒక్కసారి చూసి రేచమ్మ చెంప ఛెళ్లుమనిపించింది.

"అంచు దాకా ఎవరు అతకమన్నారే?"

ఎవరూ అతకమనలేదు. రేచమ్మ చేతులు వాటంతటవే అతికాయి. కంచరివాళ్లు గిన్నెకు కళాయి పెడితే అంచు దాకా పెట్టాలి. వేలెడు వదిలినా అక్కడ చిలుం పుడుతుంది, ఆ చిలుం అన్నంలో పడితే తిన్నవాడు పోతాడు. ఏడేళ్లప్పుడు ఒక గిన్నెకు అంచు వదిలేస్తే తండ్రి ఆమె వేళ్లమీద కొరడాతో కొట్టాడు. పద్నాలుగేళ్లుగా ఆ వేళ్లు ఏ అంచునూ వదల్లేదు.

"ఇది పాయసం గిన్నె కాదు," అంది ధూమకేశి. "రేకు మూతి దాకా ఉంటే మెరుపు గోడ దూకి అవతల పడుతుంది. నాలుగు వేళ్లు ఖాళీ వదులు. వదిలిన గాజు మీద లక్క పుయ్యి, చెమ్మ పట్టకుండా."

రేచమ్మ కొడవలి మొన తీసుకుని, అద్దంలాంటి పనిని పైనుంచి నాలుగు వేళ్ల మేర గీకేసింది. గీకుతుంటే పళ్లు జివ్వుమన్నాయి. జాడీ సగం బట్ట కట్టుకున్న మనిషిలా అసహ్యంగా కనిపించింది. కాని ఈసారి సారె తిప్పితే మూతి దగ్గర ఠప్పుమనలేదు. ఎంతసేపు తిప్పినా జాడీ తాగుతూనే ఉంది.

ఇంత చిన్న జాడీ ఏనుగును పడగొడుతుందా అని జయంతసేనుడు వెటకారంగా నవ్వి, ఒక చేత్తో జాడీ పట్టుకుని ఇంకో చేత్తో బుడిపె ముట్టుకున్నాడు. ఉప్పుబస్తాల మీదికి వెళ్లి పడ్డాడు. తలపాగా ఎటో పోయింది. రేచమ్మకు ఆ రోజు మొదటిసారి నవ్వొచ్చింది.

ఆమె గొలుసుతో బుడిపెనూ బయటి రేకునూ కలిపి, మిగిలిన మెరుపంతా దింపేసి, ఇక ఖాళీ అయిపోయింది లేవయ్యా శెట్టీ అంది. ధూమకేశి చెయ్యి అడ్డం పెట్టి కాసేపు ఊరుకోమంది. మూడు వందలు లెక్కపెట్టి, ఇప్పుడు ముట్టుకోమని రాజకుమారుడికి చెప్పింది. అతను అభిమానం చంపుకోలేక ముట్టుకున్నాడు. మళ్లీ బస్తాల మీదే పడ్డాడు, ఈసారి కాస్త మెల్లగా.

"అంతా కక్కినా కొంత కడుపులో దాచుకుంటుంది," అంది ముసలిది. "ఆ దాచుకున్నది పైకి పాకటానికి మూడు వందలు పడుతుంది. ఈ లోపల ముట్టుకుంటే చీమ కుట్టినట్టుంటుంది, అంతే. ఈ సంగతి వాడికి నేను చెప్పలేదు. చెప్పేలోపే వేళ్లు తెగ్గొట్టాడు."

గ్రహణం రోజు వచ్చింది.

తామ్రపురికి ఉత్తరాన ఉరుముల తిప్ప. ఏ ముని శాపమో గాని, చుట్టూ ఎండ కాస్తున్నా ఆ తిప్ప మీద మాత్రం రోజూ పొద్దు నడినెత్తికి రాగానే కాటుకకొండల్లాంటి మబ్బులు దిగుతాయి. వాటి పొట్టల్లో వెయ్యి పసుపు తాచులు ఒకేసారి పడగలెత్తినట్టు మెరుపులు కదులుతాయి. నల్లరాళ్లు పిడుగులు తిని తిని గాజులా నున్నబడ్డాయి. అక్కడ గడ్డి మొలవదు, పక్షి వాలదు.

ధూమకేశిని నేలమాళిగలోనే వదిలి, రేచమ్మా జయంతసేనుడూ బండిని ఆ తిప్ప మీదికి తోలారు. ఏనుగుకు సరిపోయే దెబ్బ గంధకపు ఉండతో కాదు, మబ్బుతోనే వస్తుంది. పట్టినది మూడు గడియలకంటే నిలవదు, కోట చేరటానికి రెండు గడియలు పడుతుంది. అందుకే ముందు రోజు పట్టి దాచిపెట్టే వీల్లేదు. బండి మీద పెద్ద రాగి గంగాళం, అందులో పన్నెండు జాడీలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. బయటి రేకులన్నీ గంగాళానికి తగులుతున్నాయి. బుడిపెలన్నిటినీ కలుపుతూ ఒక గొలుసు, ఆ గొలుసు మొదట పెద్ద బుడిపె ఒకటి.

జయంతసేనుడు పాత పట్టు ఉత్తరీయాన్ని చించి అల్లిన తాడు పట్టుకున్నాడు. దాని అవతలి కొసన రాగితీగ, తీగ కొసన గాలిపటం, గాలిపటం ముక్కున రాగిసూది. తీగ పెద్ద బుడిపెను తాకుతూ పైకి పోవాలి. పిడుగు పడితే అందరూ పోతారు, పడకముందే మబ్బులో ఉన్నదాన్ని లాక్కోవాలి. పట్టుతాడు తడవనంత వరకే మెరుపు చేతిదాకా రాదు. అంటే వాన మొదలయ్యేలోపు అంతా అయిపోవాలి.

గాలిపటం మబ్బులోకి దూరింది. తీగ తేనెటీగల తుట్టెలా ఝుమ్మంది. ఎద్దుల వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. జాడీలు ఒకటొకటిగా తాగటం మొదలుపెట్టాయి. అప్పుడే మబ్బు చీల్చుకుని దిగింది వక్రనాసుడి ఇనుపముక్కు డేగ. ఎద్దు మూపురమంత తల, కొడవళ్లలాంటి గోళ్లు. సూటిగా గాలిపటం మీదికి వచ్చింది. జయంతసేనుడు ఒక చేత్తో తాడు వదలకుండా రెండో చేత్తో కత్తి దూశాడు. కత్తికి పని పడలేదు. డేగ ముక్కు తీగకు తగలగానే భగ్గుమని, కాలిన ఈకల వానలో తిప్ప అవతల పడింది. ఆ అదురుకు నాలుగో జాడీ పిగిలిపోయింది. గాజుపెంకు రేచమ్మ కనుబొమ్మ కోసుకుంటూ పోయింది. ధూమకేశి పనికిరాదన్న జాడీ అదే.

మొదటి చినుకు పట్టుతాడు మీద పడింది. తాడు వదిలెయ్యమని రేచమ్మ అరిచింది. అతను వదిలిన రెప్పపాటుకే తాడంతా నీలంగా మండిపోయింది.

పదకొండు జాడీలు. మూడు గడియలు. బండి తిప్ప దిగి పరుగెత్తింది.

రాళ్లదారిలో ఒక చక్రం ఇరుసు దగ్గర కిర్రుమంటుంటే జయంతసేనుడు దిగి చక్రాన్ని భుజంతో నెట్టుకుంటూ వచ్చాడు. రాజకుమారుడినని ఈసారి గుర్తుచెయ్యలేదు. జాడీలు కదలకుండా గంగాళంలో ఎండిన దూది కుక్కి, రేచమ్మ గంగాళం చెవులు రెండూ పట్టుకుని కూర్చుంది. బుడిపె ఆమె ముఖానికి జానెడు దూరంలో ఉంది. ఊరి వాకిట్లో ఒక భటుడు బండి ఆపి ఏమిటిది అని అడిగాడు. బలికి పన్నీరు అంది. పన్నీరైతే మాకూ చిలకరించమని వాడు వంగాడు. బలికి పెట్టేది నువ్వు ముందు వాసన చూశావని చెప్పమంటావా అని అడిగితే, వాడు ఆమె చెంప మీద ఒకటి కొట్టి బండిని పోనిచ్చాడు. కనుబొమ్మ నుంచి కారే నెత్తురు పెదవి మీదికి వచ్చింది. తుడుచుకోవటానికి చెయ్యి ఖాళీ లేదు.

కోటగుమ్మం ముందు గడప పొడవునా ఇనుప పలకలు పరిచి ఉన్నాయి. వాటి మీద నిలబడి ఉంది ఇనుప ఏనుగు. దంతాలు తాటిమొద్దులంత, చెవులు కవచాలంత, కళ్ల వెనక పచ్చటి భూతాగ్ని. కోటలోకి పోయే ప్రతి సరుకునూ తొండంతో తడిమి చూసి గాని విడవదు. అది దాని కాపలా. రేచమ్మ నమ్ముకున్నదీ అదే. బండి దిగినట్టు దిగి, గంగాళం చెవికి తగిలించిన ఇంకో గొలుసు కొస జారవిడిచి, కాలితో ఇనుప పలక మీదికి నెట్టింది. ఇక ఏనుగు బుడిపెను తాకితే మెరుపు దాని ఒంట్లోంచే పోయి బయటి రేకులను చేరాలి. రెండడుగులు వెనక్కి వేసింది. తొండం గాలిలో అటూ ఇటూ ఊగి, పదకొండు పన్నీరు జాడీల పాత వాసన వెతుక్కుంటూ వచ్చి, పెద్ద బుడిపె మీద వాలింది.

కోటగోడల మీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. తెల్లటి వెలుగు ఒకటి, దాని వెంట చెవులు దిమ్మెక్కించే చప్పుడు. ఏనుగు తలలో గాజుబుడ్డి పగిలిన శబ్దం రేచమ్మకు వేరుగా వినపడింది, బీట పోల్చే చెవి కదా. పచ్చటి పొగ ఒకటి ఏడుస్తూ ఆకాశానికి పోయింది. ఏనుగు మోకాళ్లమీద పడి, పక్కకు ఒరిగి, గుమ్మం గోడ సగం కూలగొడుతూ చచ్చింది. తొండం బుడిపె మీదినుంచి జారి నేల మీద పడింది. భటులు ఆయుధాలు వదిలి పారిపోయారు.

రేచమ్మ లోపల లెక్క మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు.

బండిని లోపలికి తోలారు. నడిముంగిట్లో ఇంటి ఎత్తు గాడిపొయ్యి, దాని మీద మూస, మూసలో కుతకుతలాడే కంచు. మూస మూతినుంచి రాతికాలువ ఒకటి కంచు ఏనుగు తెరిచిన నోటి దాకా పోతోంది. పొయ్యి పక్కన ఎత్తరుగు మీద, రాటకు కట్టేసి రుద్రాచారి. ఎండిపోయి సగం మనిషయ్యాడు. పొద్దు అప్పటికే సన్నటి నెలవంకంత మిగిలింది. జయంతసేనుడు అరుగెక్కి కట్లు కొయ్యటం మొదలుపెట్టాడు. రెండు తాళ్లు తెగాయి. మూడోదాని దగ్గర అతని చెయ్యి మోచేతి దాకా ఎండుకట్టెలా బిగుసుకుపోయింది.

అరుగు మెట్ల మీద వక్రనాసుడు నిలబడి ఉన్నాడు. బలికోసం స్నానం చేసి తడిబట్టతో, ఒట్టికాళ్లతో వచ్చాడు. పక్కకు తిరిగిన ముక్కు, పసుపుపచ్చటి కళ్లు, చేతిలో పాము ఎముకల దండం. చచ్చిన ఏనుగు వంక చూశాడు, గంగాళం వంక చూశాడు.

నూట తొంభై. రేచమ్మ గంగాళానికి ఎదురుగా వెళ్లి చేతులు చాచి నిలబడింది.

నా ఏనుగును చంపింది ఈ గాజుపెంకులా అని అడిగాడు. ఆమె తలూపింది. నిదానంగా, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ, ఎక్కడ తవ్వి తీసిందో, తగరం ఎలా కొట్టిందో, లక్క ఎన్నిసార్లు పూసిందో చెప్పుకుంటూ పోయింది. అతను విన్నాడు. తన శత్రువు పనితనం వినటమంటే అతనికి ఇష్టమే. రెండు వందల నలభై. ఎవరు నేర్పారు అని అడిగాడు. ఆమె బదులివ్వలేదు. అతను దండం ఎత్తి రుద్రాచారి వైపు చూపించాడు, ముసలాడు బాధతో మెలితిరిగాడు. రెండు వందల డెబ్బై. పళ్లు కరుచుకుని ఇంకాసేపు ఊరుకుంది. ఆ కాసేపు ఆమె బతుకులో అన్నిటికంటే పొడవైనది.

"ధూమకేశి," అంది చివరికి. "దాన్ని ముట్టుకోకు. ధూమకేశి చేయించింది."

వక్రనాసుడు నవ్వాడు. "ఆ మూడువేళ్లది ఇంకా బతికే ఉందా? పిచ్చిదానా, అది చేసింది ఒక్క దెబ్బకు ఖాళీ అవుతుందని నాకు తెలియదా? అడ్డం లే."

ఆమెను పక్కకు నెట్టి, ఎద్దులను అదిలించి బండిని వాలుబాట మీదుగా ఎత్తరుగెక్కించి, కంచులో పడేసి కరిగించేస్తానంటూ మూసకు వీపు పెట్టి నిలబడి, ఎడమచేత్తో గంగాళం చెవి పట్టుకున్నాడు. కుడిచెయ్యి బుడిపె మీద వేశాడు.

మూడు వందల ఆరు.

అది ఏనుగును చంపిన దెబ్బ కాదు. అందులో పదోవంతు కూడా కాదు. కాని తడిబట్టతో నిలబడినవాడిని రెండడుగులు వెనక్కి విసరటానికి చాలింది, అతని వెనక అరుగు ఒక్క అడుగే ఉంది. మూసలోకి పడుతూ దాని పిడి పట్టుకున్నాడు. పిడి అతనితో పాటే వంగి, మూస కాలువ వైపు ఒరిగింది. ఎర్రటి కంచు కాలువలోకి ఉరికింది.

సూర్యుడు పూర్తిగా ఆరిపోయాడు. పగలే చుక్కలు కనపడ్డాయి.

రేచమ్మ పరుగెత్తి మిగిలిన తాళ్లు కోసింది. తండ్రి ఆమె భుజం మీదికి ఒరిగాడు. ఆయన చూపు బండి మీది జాడీల మీద పడింది. రేకు లేని నాలుగు వేళ్ల గాజు మీద ఆగింది. ముఖం చిట్లించాడు.

"ఎవరే అమ్మీ నీకీ పని నేర్పింది? అంచులన్నీ వదిలేశావు."

ఆమె నవ్వబోయి ఆగింది. కాలువలో కంచు చివరి చుక్కదాకా ఏనుగు నోట్లోకి పోయింది. ప్రాణం కావాలన్నారు గాని ఎవరి ప్రాణమో ఏ మంత్రమూ చెప్పలేదు. కంచు ఏనుగు కనురెప్పలు కిర్రుమని లేచాయి. లోపలి కళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. తొండం ఒక పక్కకు వంకరగా తిరిగి, అందులోంచి వక్రనాసుడి గొంతు, నూతిలోంచి వచ్చినట్టు, రుద్రాచారీ అని పిలిచింది.

జయంతసేనుడు బిగుసుకుపోయిన కుడిచేతిని వదిలేసి కత్తిని ఎడమచేతికి మార్చుకున్నాడు. ఏనుగు ముందుకాలు ఒకటి ఎత్తింది.

రుద్రాచారి కూతురి చెవి దగ్గరికి వంగాడు. ఏదో తప్పు ఒప్పుకుంటున్న మనిషిలా గొంతు తగ్గించాడు.

"వెనక ఎడమకాలు బోలే అమ్మీ. అందులో పోత అంచు దాకా పొయ్యలేదు. బతుకులో మొదటిసారి, కావాలని వదిలేశాను. మూడడుగులు వేస్తే ఆ కాలు విరుగుతుంది."

"విరిగితే ఏ పక్కకి పడుతుంది నాయనా?"

ఏనుగు మొదటి అడుగు మోపింది. రాళ్లు చిట్లాయి. రెండోది ఎత్తింది.

"అది చూసుకోలేదు," అన్నాడు రుద్రాచారి.